‘అచ్ఛా’ అనే చోటు, ‘అయ్యో’ అనే చోటు: జర్మన్ మాటల్లో ఆశ్చర్యం

మా మేనకోడలు జర్మనీలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేరి ఏడాది కావస్తోంది. కమఠాణలో పుట్టి, బీదరులో నర్సింగ్ చదివి, హైదరాబాదులో జర్మన్ నేర్చుకుని పోయిన పిల్ల. ఆ మధ్య ఒక ఆదివారం ఫోన్ చేసింది. గొంతులో రోజూ ఉండే హుషారు లేదు.

“మామా, మా వార్డుల ఒక ముసలామె ఉన్నది. పొద్దున తిన్న పళ్లెం తీస్తుంటే, పోయిన నెల మా ఆయన చనిపోయిండు అని చెప్పింది. నేను ‘అఖ్ జో’ అన్న. ఆమె మొఖం అటు తిప్పుకున్నది. పొద్దుమీకే దాకా నాతోని మాట్లాడలే. నేనేం తప్పన్న?”

‘అఖ్ జో’ తప్పు మాట కాదు. జర్మన్లు రోజుకు వంద సార్లు అనే మాట. క్లాసులో దానికి ‘ఓహో’ అని అర్థం రాసుకున్నదట. చిక్కంతా అక్కడే వచ్చింది. మన ఇళ్లలో దానికి సరిజోడు మాట తెలుగులో కంటే దక్కనీ ఉర్దూలో ఉంది. అదే ‘అచ్ఛా’. “పాలాయన ఇయ్యాల రాడంట, బిడ్డకు జెరమొచ్చిందంట” అంటే “అచ్ఛా” అంటాం. ఇందాకటి దాకా తెలియంది ఇప్పుడు తెలిసింది, సంగతి సమజైంది అని దాని భావం. ఎవరైనా వచ్చి “మా ఆయన పోయిండు” అంటే మనం “అచ్ఛా” అంటామా? అన్నవాడి మొఖం ఆ ఇంటివాళ్లు మళ్లీ చూడరు. మా పిల్ల చేసింది సరిగ్గా అదే. ఆమెకు ఆ సంగతి తెలియదు. ముసలామెకు మాత్రం తగలాల్సిన చోట తగిలింది.

జర్మన్ల మామూలు సంభాషణలను రికార్డు చేసి పరిశీలించిన భాషాశాస్త్రజ్ఞులు ఈ తేడాను చక్కగా పట్టుకున్నారు. ఒట్టి ‘అఖ్’ అంటే వార్త నా చెవిన పడింది అని. ‘అఖ్ జో’ అంటే ఇంతకుముందు అర్థం కానిది ఇప్పుడు అర్థమైంది అని. మొదటిది వార్తను అందుకోవడం, రెండోది లెక్క సరిపోవడం. చావు కబురు విన్నప్పుడు లెక్క సరిపోయిందని ఎవరంటారు? అక్కడ అనాల్సింది “ఓ, దస్ టూట్ మియా లైట్”, అంటే నాకు బాధగా ఉంది అని. ఇంకా మర్యాదగా అయితే “మైన్ బైలైట్”. అది సంతాపం తెలిపే మాట.

ఇలాంటి సంగతులు ఇప్పుడు మన ఇళ్లలో మాట్లాడుకోవాల్సి వస్తోంది. నిపుణులైన భారతీయులకు ఏటా ఇచ్చే వీసాలను 20,000 నుంచి 90,000 దాకా పెంచుతామని జర్మనీ 2024 అక్టోబరులో ప్రకటించింది. నర్సింగ్ చదివిన మన పిల్లలు జర్మన్ కోసం హైదరాబాదులోని గోథె కేంద్రానికో, బెంగళూరులోని మాక్స్ ముల్లర్ భవన్‌కో, ఊరూరా వెలుస్తున్న ప్రైవేటు క్లాసులకో పోతున్నారు. వ్యాకరణం, పరీక్ష ప్రశ్నలు అక్కడ బాగానే నేర్పుతారు. ఎదుటివాడు ఏదో చెప్పగానే మన నోట అప్పటికప్పుడు వచ్చే ఆ చిన్న మాట మాత్రం ఎవరూ ప్రత్యేకించి నేర్పరు. మనిషిని మనిషి కొలిచేది ఎక్కువగా ఆ మాటతోనే.

నిజానికి ఈ విద్యలో మనం వెనుకబడ్డవాళ్లం కాదు. కమఠాణలో తెలుగు కుటుంబాలు ఎన్ని తరాల నుంచి ఉన్నాయో లెక్క లేదు. 1956 నవంబరు 1 దాకా బీదరు హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, బజారులో దక్కనీ, సంతకు వచ్చేవాళ్లతో మరాఠీ. ఒకే వార్తకు మన నోట నాలుగు రకాలుగా ఆశ్చర్యం పలుకుతుంది. అమ్మతో అయితే “నిజమా?”, పక్కింటి కన్నడ ఆవిడతో “హౌదా?”, దుకాణం భాయితో “సచ్చీ?”, మరాఠీ స్నేహితుడితో “ఖరంచ్ కా?”. ఎవరి దగ్గర ఏది అనాలో మనకెవరూ నేర్పలేదు. ఆ చెవికే ఐదో భాష నేర్పాలి, అంతే.

జర్మన్‌లో మన ‘హౌదా’కు జోడు ‘ఎష్ట్’. అంటే అసలైన, నిజమైన అని. కొస పైకి లేపి “ఎష్ట్?” అంటే ‘నిజమా?’. అదే కిందికి దింపి అంటే ‘నిజంగానే’ అని ఒప్పుకోవడం. మన కన్నడ చెవికి ఎవరో “ఎష్టు?” అని ధర అడిగినట్టే వినిపిస్తుంది. మా పిల్ల మొదటి నెలంతా లోపల నవ్వుకునేదట. నేనిక్కడ ‘ష్’ అని రాస్తున్నాను గానీ అసలు ధ్వని ‘ష’కూ ‘హ్య’కూ మధ్యలో ఉంటుంది. నాలుకను ‘ఇ’ అనే స్థానంలో ఉంచి గాలి వదిలితే వస్తుంది. రైన్ నది పక్క ఊళ్లలో, కొలోన్ వైపు, అక్కడివాళ్లే దాన్ని దాదాపు ‘ష’లాగా పలుకుతారు కాబట్టి మరీ బెంగ పెట్టుకోనక్కర్లేదు. ‘అఖ్’లోని ‘ఖ్’ వేరే ధ్వని. గొంతు వెనక నుంచి గీరుకుంటూ వస్తుంది. కోస్తా నుంచి వెళ్లిన పిల్లలు దీంతో వారాలపాటు కుస్తీ పడతారు. మనకు ఆ బాధ లేదు. బజారు భాయి ‘ఖబర్’, ‘ఖాలీ’ అన్నప్పుడు వినిపించేది ఆ ధ్వనే. ‘జో’లోని ‘జ’ కూడా ‘జమీన్’, ‘రోజ్’ అన్నప్పటి ‘జ’యే.

‘ఎష్ట్?’కు పెద్దమనిషి లాంటి మాట ‘విర్క్లిష్?’. నిజంగానా అని. మెల్లగా, కళ్లు పెద్దవి చేసి అంటే ఆసక్తి. గట్టిగా, కనుబొమలు ముడిచి అంటే ‘నేను నమ్మను’ అని. తెలుగులోనూ ఇంతే కదా. మేనమామ ముందు “నిజమా మామా!” అనడం వేరు, “నిజమేనా?” అని నిలదీయడం వేరు. డాక్టరు ఏదో చెప్పినప్పుడు “విర్క్లిష్?” అని మాటమాటకూ అంటే ఆయన్ను పరీక్షిస్తున్నట్టు ఉంటుంది. సరిగ్గా వినపడకపోతే ఒట్టి “వస్?” అనకూడదు. అది మన “ఏందీ?” లాంటిది. “వీ బిట్టె?” అంటే “ఏమన్నారండీ?” అన్నట్టు.

చిన్న చిన్న ఆశ్చర్యాలకు రెండు మాటలు ఉన్నాయి, రెండూ మనకు చుట్టాల్లాగే అనిపిస్తాయి. ఒకటి ‘ననూ’. పెట్టిన చోట తాళంచెవి లేకపోతే, సెలవు మీద ఉన్న మనిషి ఎదురుగా కనిపిస్తే “ననూ?” అంటారు. ‘అదేంటి!’ అని, మన అవ్వలైతే ‘అగో!’ అని అనే సందర్భం. కన్నడలో ‘నాను’ అంటే నేను. ఎవరో ముసలాయన గదిలో ఒక్కడే నిలబడి “నేను? నేను?” అనుకుంటున్నాడని మా పిల్ల భయపడిందట. ఆయన కళ్లజోడు వెతుక్కుంటున్నాడు. రెండోది ‘ఓ యే’. ఇది అచ్చంగా మన ‘అయ్యో’. చెయ్యి కాలినా, బస్సు తప్పిపోయినా, పక్కవాడికి చెడు జరిగిందని విన్నా పనికొస్తుంది. ఏసు పేరును సగం మింగేస్తే మిగిలిన ముక్క అది. మనం ‘అయ్యో రామా’ అన్నప్పుడు రాముణ్ణి ప్రార్థించనట్టే వాళ్లు కూడా ఇందులో దేవుణ్ణి తలుచుకోరు.

ఇంకాస్త పెద్ద ఆశ్చర్యానికి “న జో వస్!”. ఏమిటీ వింత అన్నట్టు. ఏ వయసువాళ్లతో అన్నా చెల్లుతుంది. మొదట నోటికి అలవాటు చేసుకోవాల్సింది ఇదేనని నా అభిప్రాయం. దానిపైన “దస్ గిప్ట్స్ దోఖ్ నిష్ట్!”. మాటకు మాట చూస్తే ‘అట్లాంటిది ఉండదు కదా’ అని. కళ్ల ముందున్నదాన్నే లేదనడం. మంచికీ చెడుకూ రెంటికీ వాడతారు. పాత స్నేహితుడు రైల్లో తగిలినా అదే, పార్కు చేసిన సైకిలు పోయినా అదే. “దస్ దార్ఫ్ దోఖ్ నిష్ట్ వార్ జైన్!” మాత్రం దాదాపు ఎప్పుడూ చెడుకే. ఇది నిజం కాకూడదు అని. మంచి వార్తకు దీన్ని వాడితే ఎదుటివాళ్లు తికమకపడతారు.

‘వాన్‌జిన్!’ అనే మాటకు ఒక చరిత్ర ఉంది. అర్థం పిచ్చి, మతిచలనం. మనం ఆనందం పట్టలేక ‘పిచ్చెక్కిపోయింది’ అన్నట్టే వాడతారు. 1989 నవంబరు 9 రాత్రి బెర్లిన్ గోడ తెరుచుకున్నప్పుడు తూర్పు వైపు నుంచి నడిచొచ్చిన జనం నోట అందరికంటే ఎక్కువగా వినిపించింది ఈ ఒక్క మాటే. 28 ఏళ్లుగా దాటలేని గోడ దాటి అవతలి వీధిలో నిలబడినప్పుడు అంతకంటే పొడుగు మాట ఎవరికీ రాలేదు. ఆ రాత్రి టీవీ దృశ్యాలు ఇప్పటికీ ఇంటర్నెట్టులో దొరుకుతాయి. జర్మన్ రాకపోయినా చూడండి, ఆ మాట మీకే వినబడుతుంది.

జంతువులతో కూడా ఆశ్చర్యపోతారు. “ఇష్ గ్లౌబ్, మైన్ ష్వైన్ ఫైఫ్ట్” అంటే ‘నా పంది ఈల వేస్తున్నట్టుంది’. కోతి నా పేలు చూస్తున్నట్టుంది అని ఒకటి, గుర్రం నన్ను తన్నినట్టుంది అని ఇంకొకటి. తోటి ఉద్యోగులతో నవ్వుకోవడానికి సరదాగా ఉంటాయి. పెద్దవాళ్లు ‘దొన్నవెట్టా!’ అంటారు. ఉరుములవాన అని దాని అర్థం, ‘భేష్, ఔరా’ అని దాని వాడకం. ఇప్పటి పిల్లలు అది అనరు. వాళ్ల నోట ‘క్రస్’, ‘బోవా’, ‘ఆల్టా’. ఈ ‘ఆల్టా’తో జాగ్రత్త. మాటకు మాట చూస్తే ‘ముసలోడా’ అని. కుర్రకారు వాడేది మన ‘అబే’లాగా. ఎనభై ఏళ్లవాళ్లు పడుకున్న వార్డులో అది నోరు జారితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఇవన్నీ ఒక ఎత్తు. అసలు కిటుకు ఇంతకంటే చిన్న మాటల్లో ఉంది. జర్మన్లు చాలాసార్లు ‘అయ్యో, అబ్బో’ లాంటి మాట ఏదీ అనకుండానే ఆశ్చర్యపోతారు. వాక్యం మధ్యలో ‘యా’ అనో ‘ఆబా’ అనో ఒక్క ముక్క పడేస్తారు. క్లాసు మొదటి వారంలోనే ‘యా’ అంటే అవును, ‘ఆబా’ అంటే కానీ అని నేర్పుతారు. వాక్యం మధ్యలో వచ్చినప్పుడు ఆ అర్థాలు పట్టుకుంటే పప్పులో కాలేసినట్టే.

చాయ్‌తో చెప్తాను. కప్పు పెదవికి తగలగానే “దేర్ తే ఇస్ట్ యా హైస్!” అన్నారనుకోండి. చల్లారిపోయి ఉంటుందనుకున్నాను, వేడిగా ఉందే! అని. “దేర్ తే ఇస్ట్ ఆబా హైస్!” అంటే వేడిగా ఉంటుందని తెలుసు, ఇంత వేడి అనుకోలేదు అని. ‘యా’ వస్తే, అసలు ఆ సంగతే ఊహించలేదని. ‘ఆబా’ వస్తే, అంత మోతాదు ఊహించలేదని. తెలుగులో ఈ పని మన ‘ఏ’కారం చేస్తుంది. “చాయ్ వేడిగుందే!” అంటే మొదటిది. “చాయ్ ఎంత వేడిగుందో!” అంటే రెండోది. వార్డులో చూడండి: రోజూ తొమ్మిదింటి దాకా లేవని రోగి ఏడింటికే కూర్చుని ఉంటే “జీ జింద్ యా షోన్ ఔఫ్!”, అప్పుడే లేచారే! అంటారు. ఆ ‘యా’ తీసేస్తే అది రిజిస్టరులో రాసుకునే హాజరు అవుతుంది. ఉంచితే పలకరింపు. పోయిన వారం కంటే ముఖం తేటగా ఉంటే “జీ జేయెన్ హొయ్‌టె ఆబా గూట్ ఔస్!”, ఇవాళ ఎంత బాగున్నారో! అంటారు.

ఈ ‘యా’ను ఇంట్లోనే సాధన చేయాలంటే ఒక సంగతి చెప్తాను. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు చెన్నపట్నంలోనో బళ్లారిలోనో కాదు, జర్మనీలోని హాలే పట్టణంలో 1746-47 ప్రాంతంలో అచ్చయ్యాయి. బెంజమిన్ షుల్జ్ అనే మతప్రచారకుడు మద్రాసులో తెలుగు నేర్చుకుని, తిరిగి వెళ్లాక అక్కడ అచ్చు వేయించాడు. కన్నడకు 1894లో పెద్ద నిఘంటువు ఇచ్చిన కిట్టెల్ కూడా జర్మనే అని మన బడిపిల్లలకు తెలుసు. షుల్జ్ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. ఇప్పుడు అనండి: “దస్ ఇస్ట్ యా ఐన్ డింగ్!” ఇదేదో వింతగా ఉందే!

ఇక ఆ రెండో ముక్క దగ్గరికి. ‘ఆబా’ చాలాసార్లు మెచ్చుకోలుగా వస్తుంది, కానీ దాని వెనక ఒక మాట దాక్కుని ఉంటుంది: ‘మీ నుంచి ఇంత అనుకోలేదు’ అని. జర్మనీలో గోధుమరంగు చర్మం ఉన్న ప్రతి మనిషీ ఏదో ఒక రోజు వినే వాక్యం ఒకటుంది: “జీ ష్‌ప్రెషెన్ ఆబా గూట్ డొయ్‌చ్!” మీరు జర్మన్ ఎంత బాగా మాట్లాడుతున్నారో! నిన్నమొన్న వెళ్లిన మన పిల్లలకు అది తియ్యగా ఉంటుంది. అక్కడే పుట్టి, అక్కడి బడిలోనే చదివిన రెండో తరం పిల్లలకు మాత్రం ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. వాళ్లకు అది అమ్మ ఒడి దిగినప్పటి నుంచీ వచ్చిన భాష. అందుకే కొందరు “డంకె, జీ ఆబా ఔఖ్!” అని నవ్వుతూ తిప్పికొడతారు. థాంక్స్, మీరు కూడా బాగానే మాట్లాడుతున్నారే! అని.

ఈ ముల్లు మనకు కొత్తదా? బెంగళూరులో ఆఫీసు మెట్లు ఎక్కి, బీదరు నుంచి వచ్చామని, ఇంట్లో తెలుగు మాట్లాడతామని చెప్పగానే “నీవు ఎష్టు చెన్నాగి కన్నడ మాతాడ్తీరి!” అంటారు. మూడు తరాలుగా ఇదే రాష్ట్రంలో, ఇదే కన్నడ బడిలో చదివినవాళ్లతో. హైదరాబాదులో పెళ్లికి పోతే ఆ పక్క చుట్టాలు “కర్ణాటకోళ్లయి తెలుగు ఇంత మంచిగ మాట్లాడ్తరే!” అంటారు. ఆ ‘రే’లో ఉన్నది జర్మన్ ‘ఆబా’యే. రెండు చోట్లా అన్నవాళ్లు మంచి మనసుతోనే అంటారు, అది నాకు తెలుసు. అయినా చెరువు కట్ట మీద నడుస్తూ తలుచుకుంటే కాసేపు కాలు ముందుకు పడదు. మనల్ని చూసి ఎవరు ఎంత ఆశ్చర్యపోయారో దాన్నిబట్టి, అంతకుముందు మనల్ని ఎక్కడ నిలబెట్టారో తెలుస్తుంది.

పరీక్ష రాసేవాళ్లకు ఒక మాట. గోథె సంస్థ బీ1 మౌఖిక పరీక్షలో ఇద్దరు అభ్యర్థులు కలిసి ఒక కార్యక్రమం గురించి మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. ఆ తర్వాత ఒకరు ఒక విషయం చెప్తే ఇంకొకరు స్పందించి ప్రశ్న అడగాలి. చాలామంది ఎదుటివాడు ముగించే దాకా విగ్రహంలా కూర్చుని, కంఠస్థం చేసిన ప్రశ్న అప్పజెప్తారు. మధ్యలో ఒక “ఎష్ట్?”, చివర్లో “దస్ హెటె ఇష్ నిష్ట్ గెదఖ్ట్”, అంటే ‘నేనట్లా అనుకోలేదు’ అని చేరిస్తే అది సంభాషణ అవుతుంది. అతిగా మాత్రం వద్దు. మాటమాటకూ “వాన్‌జిన్!” అంటే వెటకారంగా ఉంటుంది. నేర్చుకునే పద్ధతి కూడా సులువే. పదాల పట్టిక బట్టీ పట్టడం కంటే, జర్మన్ ధారావాహిక ఏదో ఒకటి పెట్టుకుని, వార్త చెప్పినవాడి ముఖం కాకుండా విన్నవాడి నోరు చూడండి.

మా పిల్ల మరునాడు డ్యూటీకి పోగానే ఆ ముసలామె మంచం దగ్గరికి వెళ్లింది. నిన్న నేనన్న మాట సరైంది కాదు, నా జర్మన్ ఇంకా సరిగ్గా లేదు, మీ ఆయన గురించి విని నాకు చాలా బాధగా ఉంది అని చెప్పింది. ఆమె కాసేపు ఏమీ అనలేదట. తర్వాత సొరుగు లాగి ఫోటో తీసి చూపించింది. మీసాలాయన, పడవలో కూర్చుని ఉన్నాడు. వెళ్లేటప్పుడు ఆమె “జీ ష్‌ప్రెషెన్ ఆబా గూట్ డొయ్‌చ్” అన్నది.

“ఆబా అన్నది మామా,” అని మా పిల్ల ఫోన్‌లో నవ్వింది. “మెచ్చుకున్నట్టా, దూరం పెట్టినట్టా?”

నేను జవాబు వెతుక్కుంటుంటే, స్పీకరులో అంతా వింటున్న మా అమ్మ అందుకుంది. “అగో! మంచిగ మాట్లాడక ఇంకెట్ల మాట్లాడ్తది, మన పిల్ల!”